ఏసీ, ఫ్రిజ్, ఫోన్: షాపులో మేలా, ఆన్‌లైన్‌లో మేలా?

ఎండలు ముదిరే ముందు మా చుట్టాల్లోనో తెలిసినవాళ్లలోనో ఎవరో ఒకరు ఫోన్ చేసి అడుగుతూనే ఉంటారు: "అన్నా, ఏసీ ఆన్‌లైన్‌లో పెట్టేయమంటావా, నెల్లూరు పోయి షోరూంలో తీసుకోమంటావా?" దసరా, దీపావళి ఆఫర్లప్పుడు ఇదే ప్రశ్న టీవీ గురించి, వాషింగ్ మెషీన్ గురించి వస్తుంది. అడిగేవాళ్లందరూ ధరలు ముందే చూసుకుని ఉంటారు. ఫోన్లో ఇంతకు వస్తోంది, షాపులో రెండు వేలు ఎక్కువ చెబుతున్నారు, ఆ రెండు వేలు పెట్టొచ్చా లేదా అన్నదే వాళ్ల సందేహం. నేనుండేది కావలిలో. ఇటు నెల్లూరులో, అటు ఒంగోలులో, ఉదయగిరి వైపు పల్లెల్లో కూడా మావాళ్లున్నారు. అడిగేవాళ్ల ఊరిని బట్టి నా జవాబు మారుతుంది.

ముందు ధర సంగతి తేల్చేద్దాం. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఏసీల మీద, 32 అంగుళాలకు మించిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. ఈ పన్ను రెండు చోట్లా ఒకటే. తేడా వచ్చేదల్లా డిస్కౌంట్‌లో, బ్యాంకు కార్డు ఆఫర్లలో. ఆ కార్డు ఆఫర్లు ఇప్పుడు పెద్ద షోరూముల్లో కూడా దొరుకుతున్నాయి. ఆన్‌లైన్ ధర తెరిచి చూపిస్తే చాలామంది ఎంతో కొంత దిగివస్తారు. చూపించే ముందు మాత్రం మోడల్ నంబరు అక్షరం అక్షరం సరిచూసుకోండి. చివర ఒక్క అక్షరం మారినా లోపలి సామాను మారిపోవచ్చు. కొన్ని మోడళ్లను కంపెనీలు ఆన్‌లైన్‌లో అమ్మడానికే తయారుచేస్తాయి, అవి షాపులో కనిపించవు. కరెంటు పొదుపును చెప్పే స్టార్ లేబుల్ మీద అది ఏ కాలానికి చెల్లుతుందో కూడా రాసి ఉంటుంది. పాత లెక్క ప్రకారం ఐదు స్టార్లు వచ్చిన ఏసీకి కొత్త లెక్కలో నాలుగే రావచ్చు. తక్కువకు వస్తోందంటే ఒక్కోసారి కారణం అదే. ఇక "నో కాస్ట్ ఈఎంఐ" అన్నప్పుడు వడ్డీ లేదనుకోవద్దు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, దానికి సమానమైన మొత్తాన్ని ధరలో తగ్గిస్తారు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మనమే కడతాం. షాపులో ఫైనాన్స్ తీసుకున్నా ప్రాసెసింగ్ ఫీజు ఉంటుంది. ఈ లెక్కలన్నీ వేసుకున్నాక రెండు వేల తేడా చాలాసార్లు వెయ్యికో, ఇంకా తక్కువకో వచ్చి ఆగుతుంది.

అందుకే నేను ధర దగ్గర ఆగను. నన్ను అడిగినవాళ్లను నేను తిరిగి అడిగేది ఒక్కటే: వస్తువు తేడా చేస్తే మీ ఇంటికి ఎవరొస్తారు, ఎన్ని రోజులకు వస్తారు?

ఆన్‌లైన్‌లో ఫ్రిజ్ గానీ ఏసీ గానీ తీసుకుంటే వెనక్కి ఇవ్వడానికి, మార్చుకోవడానికి సాధారణంగా ఏడు నుంచి పది రోజులు గడువు ఉంటుంది. గడువు మొదలయ్యేది వస్తువు మన గుమ్మం ముందు దిగిన రోజు నుంచి, బిగించిన రోజు నుంచి కాదు. ఇన్‌స్టలేషన్‌కు వచ్చేది వేరే మనిషి. అతను వచ్చేదాకా పెట్టె తెరవొద్దని కంపెనీ చెబుతుంది. దారిలో దెబ్బ తగిలి ఉంటే మాత్రం వెంటనే చెప్పాలంటారు, ఎందుకంటే పగిలిన వస్తువుకు కంపెనీ వారంటీ వర్తించదు. పెట్టె తెరవకుండా లోపల పగిలిందో లేదో ఎలా తెలుస్తుంది? సరే, నాలుగు రోజులకు మనిషి వచ్చి బిగించాడు, చల్లదనం రాలేదు. ఇప్పుడు అందులో లోపం ఉందని రాసివ్వడానికి ఇంకో టెక్నీషియన్ రావాలి. అతను రాసిస్తేనే కొత్తది పంపుతారు. నెల్లూరులో మాగుంట లేఅవుట్‌లో ఉన్నవాళ్లకు ఇదంతా మూడు నాలుగు రోజుల్లో తెమిలిపోతుంది. ఉదయగిరి దాటి సీతారామపురం వైపు పల్లెలో ఉన్నవాళ్లకు టెక్నీషియన్ రావడానికే వారం పడితే గడువు అక్కడే అయిపోతుంది. ఆ తర్వాత కొత్త వస్తువు రాదు, రిపేరే చేస్తారు. పూర్తి డబ్బు పెట్టి, మొదటి నెలలోనే విప్పి బిగించిన ఫ్రిజ్ వాడుకోవాలి.

మా చిన్నమ్మ వాళ్లకు వాషింగ్ మెషీన్ విషయంలో అచ్చం ఇలాగే జరిగింది. వాళ్లది వరికుంటపాడు దగ్గర పల్లె. "మీ పిన్‌కోడ్‌కు టెక్నీషియన్‌ను కేటాయించాం" అని మెసేజ్ వస్తుంది, మనిషి రాడు. "కస్టమర్ అందుబాటులో లేరు" అని రాసి కంప్లైంట్ మూసేస్తారు, మళ్లీ మొదటికి. ఆమె రోజంతా ఇంట్లోనే ఉండి, ఫోన్ పక్కన పెట్టుకుని ఎదురుచూసింది. చివరికి బాగుచేశారు గానీ, మా చిన్నమ్మ పడ్డ టెన్షన్‌కు ఏ డిస్కౌంటూ సరిపోదు.

షాపులో కొంటే వచ్చేది కూడా ఆ కంపెనీ టెక్నీషియనే కదా అంటారు. నిజమే. కానీ ఆ షాపాయన నెలకు అదే కంపెనీవి పదుల కొద్దీ అమ్ముతాడు, సర్వీసు వాళ్లతో రోజూ మాట్లాడతాడు. ఆయన ఫోన్ చేసి "మన కస్టమరే, రేపు పోయి చూడు" అంటే పని జరుగుతుంది. మొదటి రోజుల్లోనే చెడిపోతే షాపు మీద నిలబడి అడగడానికి ఒక ముఖం ఉంటుంది. ముఖ్యంగా ఊరి షాపుల్లో మనల్ని పేరు పెట్టి పిలిచే మనిషి ఉంటాడు, రేపు మన పిల్లల పెళ్లికి సామాను కూడా అక్కడే కొంటామని ఆయనకు తెలుసు. ఆ రెండు వేలల్లో నేను కొనుక్కునేది ఇదే.

ఏసీ విషయంలో ఇంకో మాట కూడా ఉంది. ఏసీ సగం ఫ్యాక్టరీలో తయారవుతుంది, మిగతా సగం మన గోడ మీద. కాపర్ పైపు సరిగ్గా వంచకపోయినా, వ్యాక్యూమ్ చేయకుండా, అంటే పైపులోని గాలి, తేమ లాగేయకుండా గ్యాస్ వదిలినా ఎంత ఖరీదైన ఏసీ అయినా రెండో వేసవికి మొరాయిస్తుంది. కంప్రెసర్‌కు పదేళ్ల వారంటీ అంటే కంప్రెసర్ ఒక్కదానికే. గ్యాస్ నింపడానికి, పనికి డబ్బులు మనమే ఇవ్వాల్సి రావచ్చు. రోహిణి కార్తెలో బిగించేవాళ్లకు ఊపిరాడనంత పని ఉంటుంది. షాపు వాళ్లకు సొంత మనుషులుంటే వాళ్లొచ్చి బిగిస్తారు. ఆన్‌లైన్‌లో తీసుకుంటే వరసలో నిలబడాలి. అదనపు పైపుకు, స్టాండుకు అప్పుడు ఎంత చెబితే అంత ఇవ్వాల్సి వస్తుంది. మా వైపు సముద్రపు గాలి కూడా ఉంది. తుమ్మలపెంట, రామాయపట్నం, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలి అవుట్‌డోర్ యూనిట్ కాయిల్‌ను తొందరగా తినేస్తుంది. ఏ కంపెనీ కాయిల్ ఎన్నేళ్లు నిలుస్తోందో ఆన్‌లైన్ రివ్యూలో ఢిల్లీ ఆయన చెప్పలేడు. మన ఊళ్లో ఏసీలు బాగుచేసే మెకానిక్ చెబుతాడు.

అలాగని షాపు వాళ్లు చెప్పేదంతా నమ్మమనను. షోరూంలో "ఇదే బెస్ట్ సార్" అని మన వెంట పడే కుర్రాళ్లలో చాలామంది షాపు మనుషులు కాదు, ఆ కంపెనీ పెట్టిన ప్రమోటర్లు. తమ కంపెనీ తప్ప మిగతావి బాగాలేవనడం వాళ్ల ఉద్యోగం. టీవీలు షోరూంలో కళ్లు చెదిరేలా కనిపించడానికి వెలుగు, రంగులు బాగా పెంచి పెడతారు, ఇంట్లో అలా కనిపించవు. డిస్‌ప్లేలో పెట్టిన పీసునే పెట్టెలో సర్ది ఇచ్చేవాళ్లూ ఉంటారు కాబట్టి సీలు చూసుకోవాలి, తయారీ నెల చూసుకోవాలి. ఎక్స్‌టెండెడ్ వారంటీ అంటగడితే అది కంపెనీదా, వేరే సంస్థదా అని అడగండి. బిల్లు లేకుండా తగ్గిస్తామంటే ఒప్పుకోకండి, బిల్లు లేనిదే వారంటీ లేదు. ఈ విషయంలో ఆన్‌లైన్ నయం. బిల్లు దానంతటదే వస్తుంది, పక్కన నిలబడి తొందరపెట్టేవాళ్లు ఉండరు, పది మోడళ్లు రాత్రి భోజనం అయ్యాక తీరిగ్గా పోల్చుకోవచ్చు.

అందుకే చేతిలో పట్టుకెళ్లగలిగే వస్తువులు నేను ఆన్‌లైన్‌లోనే తీసుకుంటాను. ఫోను, ఇయర్‌ఫోన్లు, పవర్ బ్యాంకు, రౌటర్, పెన్‌డ్రైవ్ చెడిపోతే నెల్లూరు సర్వీస్ సెంటర్‌కు మనమే తీసుకెళ్తాం, ఎవరి కోసమూ ఎదురుచూడక్కర్లేదు. డెలివరీ కుర్రాడి ముందే పెట్టె తెరిచి చూసుకుని ఆ తర్వాతే ఓటీపీ చెప్పే పద్ధతి ఉంటే అదే ఎంచుకోండి. లేకపోతే తెరిచేటప్పుడు వీడియో తీయండి. నెల్లూరులోనో ఒంగోలులోనో టౌనులో ఉన్నవాళ్లు టీవీ కూడా ఆన్‌లైన్‌లో తీసుకోవచ్చు, సర్వీసు దగ్గర్లోనే ఉంటుంది. ఏసీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ మాత్రం టౌనులో ఉన్నా నేను షాపు వైపే మొగ్గుతాను.

నీళ్ల ఫిల్టరు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది ఆరోగ్యంతో పని. ఉదయగిరి, కనిగిరి వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆఫర్‌లో చవగ్గా కనిపించే యూవీ (అతినీలలోహిత కాంతి) ఫిల్టర్ సూక్ష్మజీవులను చంపుతుందే తప్ప ఫ్లోరైడ్‌ను తీయలేదు. దానికి ఆర్‌ఓ కావాలి. ఆ ఆర్‌ఓ లోపల నీళ్లను వడకట్టే పొరను, అంటే మెంబ్రేన్‌ను వేళకు మార్చకపోతే ఉన్నా లేనట్టే. మార్చే మనిషి మీ ఊరికి క్రమం తప్పకుండా వస్తాడని తేల్చుకున్నాకే కొనండి, ఆన్‌లైన్‌లోనైనా షాపులోనైనా.

చెన్నైలోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ సంగతి కూడా కొందరు అడుగుతారు. కంప్యూటర్ విడిభాగాలకు, కేబుళ్లకు బాగుంటుంది. ఇంటి సామానుకు అంత దూరం అక్కర్లేదు. సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్ అయితే తెలిసిన మెకానిక్ చూసి బాగుందన్నాకే కొనండి.

ఎక్కడ కొన్నా సరే, కొనే ముందు కంపెనీ టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేసి మీ పిన్‌కోడ్ చెప్పి, దగ్గర్లో అధీకృత సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో అడగండి. ఐదు నిమిషాల పని. వాళ్లు చెప్పే ఊరు మీకు గంట ప్రయాణం లోపల ఉంటే ఆన్‌లైన్ గురించి ఆలోచించవచ్చు. అంతకు మించితే ఆ సెంటర్‌తో రోజూ మాట్లాడే షాపాయన దగ్గర కొనండి.

తీరా గొడవ వస్తే, 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపమున్న వస్తువును వెనక్కి తీసుకోనని అమ్మినవాళ్లు అనకూడదు. మీ ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం వచ్చాక అమ్మిన కంపెనీ బెంగళూరులో ఉన్నా మీరుండే చోటే కేసు వేసుకోవచ్చు, ఐదు లక్షల లోపు వస్తువుకు ఫీజు కూడా లేదు. బిల్లు, మోడల్ నంబరు కనిపించే ఫొటో, సర్వీసు వాళ్ల మెసేజ్‌లు తుడిచేయకుండా ఉంచుకోండి. ముఖ్యంగా "కస్టమర్ అందుబాటులో లేరు" అన్న మెసేజ్, ఆ రోజు మీకు కాల్ రాలేదని చూపించే కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ రెండూ కలిపి దాచండి.