ఏడు పౌండ్ల .375: భుజాన మోసినవాడి సమీక్ష

ముందే చెప్పేస్తాను, ఎలుగుల నుంచి కాపాడుకోవడానికి కట్టించుకున్న, .375 అంగుళాల మందం బుల్లెట్ కాల్చే ఈ రైఫిల్‌తో ఇంతవరకూ ఏ ఎలుగుబంటినీ కాల్చలేదు. దెబ్బకు ఎలుగు పడుతుందా లేదా అని అడిగేవాళ్లకు నా దగ్గర కథలేం లేవు. నేను చెప్పగలిగేది దాన్ని మోయడం గురించి. ఆగ్నేయ అలాస్కాలో సాల్మన్ చేపలు ఎదురెక్కే వాగుల వెంట నడుస్తూ వాటిని లెక్కపెట్టడం నా ఉద్యోగం. జులై నుంచి సెప్టెంబరు దాకా ఆ వాగుల్లో మాకు తోడుండేవి ఎలుగులే. అడ్మిరాల్టీ దీవిలోనైతే ఇంచుమించు చదరపు మైలుకొక బ్రౌన్ బేర్ లెక్క. పొద్దున సీప్లేన్ దింపేసి వెళ్లిపోయిందంటే మళ్లీ సాయంత్రం దాకా అక్కడుండేది నేనూ, తోటి ఉద్యోగీ ఇద్దరమే.

ఊరికి ఫోన్ చేసినప్పుడు మా చిన్నాన్న నవ్వుతాడు. "మన జీడితోటల్లోకి ఎలుగు రావట్లేదేంట్రా? దానికోసం ఫిరంగి కొనాలా?" అని. ఉద్దానం ఎలుగును తీసిపారేయలేం, అది చేసే గాయాలెలా ఉంటాయో ఆ పల్లెలకు తెలుసు. కానీ అది మగదైనా 80 నుంచి 140 కిలోల జంతువు. ఇక్కడి తీరప్రాంతపు మగ బ్రౌన్ బేర్ 300, 400 కిలోలుండటం మామూలు. కోడియాక్ దీవిలో 600 దాటినవీ ఉన్నాయి. అంత ఒళ్లు పెట్టుకుని గంటకు 50 కిలోమీటర్లకు పైగా ఉరుకుతుంది. ఆల్డర్ పొదల్లో 15 మీటర్లకు మించి చూపు ఆనదు. అంటే మనకు దొరికేది ఒక సెకను.

ఆ సెకనులో తుపాకీ చేతిలో ఉండాలి. బరువైనదైతే ఉండదు, అదే చిక్కు. అంతకుముందు ఆఫీసు తుపాకీ వాడేవాళ్లం. పాత .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల తూటా), తొమ్మిది పౌండ్లకు పైమాటే. పనితనంలో వంక పెట్టడానికి లేదు. అయితే మధ్యాహ్నమయ్యేసరికి అది ఏ దుంగకో ఆనించి ఉండేది, దాన్ని మోయాల్సిన మనిషి వంద మీటర్ల అవతల నడుంలోతు నీళ్లలో ఉండేవాడు. సొంతంగా ఒకటి కట్టించుకోవాలన్న ఆలోచన నాకు అక్కడ పుట్టింది.

కాలిబర్ (తూటా సైజు) గురించి జనం రాత్రంతా వాదించుకుంటారు. నేను తొందరగానే తేల్చేశాను. 1983లో అమెరికా ఫారెస్ట్ సర్వీస్ పరిశోధకులు అలాస్కాలో పనిచేసే సిబ్బంది కోసం ఒక పరీక్ష నివేదిక వేశారు. 15 గజాల నుంచి కాలిస్తే ఏ బుల్లెట్ ఎంత లోతుకు దిగుతుంది, దిగాక ఎంతమేరకు ముక్కలవకుండా ఉంటుంది అన్నది అందులో చూశారు. .458, .375, .338 పై వరుసలో నిలిచాయి. పిస్టళ్లు బాగా వెనకబడ్డాయి. 220 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ వేస్తే ముసలి .30-06 తూటా కూడా పరువు నిలబెట్టుకుంది. అది చదివాక నాకు అర్థమైంది ఏమిటంటే, బరువైన, గట్టి బుల్లెట్ ఉంటే చాలు, మిగతా తేడాలు కబుర్లకే పనికొస్తాయి.

చివరికి .375 రుగర్ తీసుకున్నాను. 1912 నాటి హెచ్ అండ్ హెచ్ తూటా పొడుగు 3.6 అంగుళాలు, దానికి పొడవాటి యాక్షన్ (తూటాను ఎక్కించి, పేల్చే యంత్రభాగం) కావాలి. 2007లో వచ్చిన ఈ రుగర్ తూటా 3.34 అంగుళాలే కాబట్టి .30-06 పట్టే యాక్షన్‌లోనే ఇముడుతుంది. 300 గ్రెయిన్ల బుల్లెట్‌ను సెకనుకు 2,600 అడుగుల పైన విసురుతుంది, 20 అంగుళాల బ్యారెల్ ఉన్నా బలం పెద్దగా తగ్గదు. పొట్టి యాక్షన్, పొట్టి బ్యారెల్ రెండూ బరువును తగ్గించేవే.

మూలం రుగర్ కంపెనీ హాక్‌ఐ రైఫిల్, స్టెయిన్‌లెస్ మోడల్. దాన్ని ఎంచుకున్నది ముఖ్యంగా ఎక్స్‌ట్రాక్టర్ (తూటాను పట్టి లాగే కొక్కెం) కోసం. మౌజర్ 98 నాటి పద్ధతి. తూటా మ్యాగజైన్ నుంచి లేవగానే బోల్ట్ కొక్కెం దాని అంచును పట్టేస్తుంది, బయటికి విసిరేదాకా వదలదు. కంగారులో బోల్ట్‌ను సగం తోసి, వెనక్కి లాగి మళ్లీ తోసినా రెండు తూటాలు ఒకదాన్నొకటి పొడుచుకుని ఇరుక్కోవు. లక్ష్యాలను కొట్టడానికి, జింకల వేటకి పుష్ ఫీడ్ (తూటాను ముందే పట్టుకోకుండా తోసే రకం) రైఫిళ్లు బ్రహ్మాండంగా పనికొస్తాయి. ఈ పనికి మాత్రం నేను ఇదే అడుగుతాను. సేఫ్టీ మూడు స్థానాలది. మధ్యలో పెడితే ట్రిగ్గర్ బిగిసే ఉంటుంది, బోల్ట్ మాత్రం కదులుతుంది. పడవ ఎక్కేముందు తూటాలు తీసేటప్పుడు దాని విలువ తెలుస్తుంది.

దుకాణం నుంచి వచ్చినప్పుడు సుమారు ఎనిమిది పౌండ్లు. అందులో తగ్గించగలిగేది ప్రధానంగా స్టాక్‌లోనే (భుజానికి ఆనే పిడి) ఉంది. రబ్బరు పూతది తీసేసి కెవ్లార్, కార్బన్ ఫైబర్ కలిపి చేసిన స్టాక్ వేయించాను, దాదాపు పౌండు దిగింది. ఇప్పుడు ఖాళీగా తూస్తే ఏడు పౌండ్ల చిల్లర, 3.2 కిలోలు. రికాయిల్ లగ్ (తన్నును స్టాక్‌కు చేర్చే ఉక్కు దిమ్మ) వెనుక బెడ్డింగ్ (ఖాళీని నింపే గట్టి జిగురు) సరిగ్గా పోయకపోతే కాల్చినప్పటి ఇంత తన్నుకు తేలికపాటి స్టాక్ చీలిపోతుంది. మొదట ఇచ్చిన దుకాణంవాడు అక్కడ బొటనవేలంత ఖాళీ వదిలేసి చేతిలో పెట్టాడు. ఇంకొక పనివాడి దగ్గర మళ్లీ పోయించాల్సి వచ్చింది. ఖర్చయిన డబ్బులో నాకు మంటపుట్టించింది ఇదొక్కటే.

అక్కడితో ఆగిపోయాను. ఆగడమే ఈ రైఫిల్ విషయంలో తీసుకున్న మంచి నిర్ణయమని ఇప్పటికీ అంటాను. బ్యారెల్ మీద గాడులు తీయించొచ్చు, బోల్ట్ పిడి తొలిపించొచ్చు, బ్యారెల్ ఇంకో రెండంగుళాలు కోయించొచ్చు, ఆరు పౌండ్లకు తేవచ్చు. తెచ్చినవాళ్లున్నారు. మా దగ్గర ఒకాయన దగ్గర అలాంటిదే ఉంది. రేంజ్‌లో మూడో తూటాకు కళ్లు మూసుకుంటాడు, పక్కనుంచి చూస్తే తెలిసిపోతుంది. ఏడు పౌండ్ల దగ్గరే దీని తన్ను ఎనిమిది పౌండ్ల .30-06 తన్నుకు రెట్టింపు దాటి ఉంటుంది. ఇంకా తగ్గిస్తే మొదటి గుండు తర్వాత మూతి ఆకాశాన్ని చూస్తుంది, రెండో గుండుకు టైము చాలదు. మోయడానికి తేలికై, కాల్చడానికి భయమేస్తే లాభమేముంది?

మజిల్ బ్రేక్ (మూతి దగ్గర వాయువును పక్కలకు మళ్లించే తొడుగు) పెట్టించమని చాలామంది చెప్పారు. తన్ను తగ్గుతుంది, కాదనను. కానీ అడవిలో చెవులకు రక్షణ లేకుండా ఉంటాం, పక్కనే తోటి ఉద్యోగి ఉంటాడు. ఆ శబ్దం పక్కకు చిమ్మితే అతని చెవి పోతుంది. వద్దన్నాను. దాని బదులు మంచి రికాయిల్ ప్యాడ్ వేయించి, స్టాక్ పొడుగు వాన కోటు తొడుక్కున్న భుజానికి సరిపోయేలా కొంచెం తగ్గించాను. బనీను మీద కొలత ఇచ్చారంటే సెప్టెంబరు వానలో ఆ స్టాక్ చంక దగ్గరే తగులుకుంటుంది.

ఇంకో చిన్న మార్పుంది, ఎవరూ పెద్దగా చెప్పరు. స్లింగ్ (భుజాన మోసే బెల్టు) ముందు కొక్కెం స్టాక్ మీద కాకుండా బ్యారెల్‌కు చుట్టిన పట్టీ మీద ఉండాలి. స్టాక్ మీదుంటే కాల్చినప్పుడు వెనక్కొచ్చి ముందు చేతివేళ్లను కోస్తుంది. పైగా పట్టీ మీదుంటే భుజాన వేసుకున్నప్పుడు మూతి కిందికి దిగి, డెవిల్స్ క్లబ్ ముళ్ల కొమ్మలకు తక్కువ తగులుతుంది.

సైట్ల (గురి చూసే అమరిక) దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే తిరగడమంతా వానలోనే. సిట్కాలో ఏడాదికి 80 అంగుళాల పైన పడుతుంది, కెచికాన్‌లో 140 దాటుతుంది. స్కోప్ (దుర్బిణి) అద్దం మీద నీటి చుక్కలు, కంటివైపు అద్దం మీద ఊపిరి ఆవిరి. వెనక పెద్ద రంధ్రం ఉన్న పీప్ సైట్, ముందు తెల్లటి వెడల్పు పూస పెట్టించాను. తుపాకీ భుజానికి ఎత్తగానే కన్ను దానంతటదే ఆ రంధ్రం మధ్యలోంచి చూస్తుంది. పీప్‌ను బిగించే మర ఒకటి మొదటి సీజన్‌లోనే వదులైంది. మర గాడులకు లాక్‌టైట్ జిగురు పూశాక మళ్లీ కదల్లేదు. ఒకటి నుంచి నాలుగు రెట్లు పెద్దగా చూపే స్కోప్ ఒకటి విడిగా ఉంది, శరత్కాలంలో జింకల వేటకు తగిలిస్తాను.

స్టెయిన్‌లెస్ అంటే తుప్పు పట్టదని నమ్మకండి. ఉప్పుగాలికి బోల్ట్ కింద, మ్యాగజైన్ అడుగున, సైట్ మరల చుట్టూ గోధుమరంగు మచ్చలొస్తాయి. ప్రతి సాయంత్రం స్టాక్ విప్పలేం కాబట్టి బోల్ట్ తీసి తుడిచి, పలచగా నూనె రాసి పెడతాను. మూతికి ఎలక్ట్రికల్ టేప్ ముక్క. బురద, వాన, చెట్టు నాచు లోపలికి పోవు, అవసరమైతే దాని మీదుగానే కాల్చొచ్చు, గురి చెడదు.

తూటాల సంగతి ఈ తుపాకీకి అసలైన లోటు. అలాస్కా రాజధాని జూనోలో దొరుకుతాయి. చిన్న ఊళ్ల దుకాణాల్లో .30-06, .338 ఉంటాయి, .375 హెచ్ అండ్ హెచ్ అయినా ఉండొచ్చు, రుగర్ మాత్రం అడిగితే తల అడ్డంగా ఊపుతారు. ధర కూడా తక్కువేం కాదు. అందుకే సాధన ఎక్కువగా ఇదే రకం సేఫ్టీ, ఇదే రకం బోల్ట్ ఉన్న .22 రైఫిల్‌తో చేస్తాను, ఇంట్లో డమ్మీ తూటాలతో బోల్ట్ ఆడిస్తాను. పెద్ద తూటాలు ఒక పూటలో పది దాటనివ్వను, దాటితే శరీరం ఉలిక్కిపడటం నేర్చుకుంటుంది. పాత టైరు మధ్యలో అట్ట బిగించి, కొండవాలు మీంచి మన వైపు దొర్లించి కాల్చడం ఇక్కడివాళ్ల పద్ధతి. మొదటిసారి చేసినవాళ్ల గర్వమంతా ఆ టైరే అణిచేస్తుంది.

స్ప్రే గురించి చెప్పకుండా ఈ సమీక్ష పూర్తికాదు. అలాస్కా ఘటనల మీద 2008లో వచ్చిన అధ్యయనంలో బ్రౌన్ బేర్‌ల మీద మిరప స్ప్రే 92 శాతం సందర్భాల్లో పనిచేసిందని తేలింది. 2012లో అదే పరిశోధకుల్లో కొందరు తుపాకుల లెక్క తీస్తే, పొడవు తుపాకులు 76 శాతం. రెండు లెక్కలూ ఒకే రకం పరిస్థితులవి కావు, పక్కపక్కన పెట్టి పందెం కట్టలేం. కానీ నా చూపంతా రెండో అధ్యయనంలోని ఇంకో మాట మీద ఉంది. ఎలుగు మీదికొచ్చినప్పుడు తుపాకీ వాడినవాళ్లకూ, దగ్గరుండీ వాడనివాళ్లకూ తగిలిన గాయాల్లో తేడా కనబడలేదు. తీసేలోపే అంతా అయిపోయిన సందర్భాలు అన్ని ఉన్నాయి.

చిచాగాఫ్ దీవిలో ఒకసారి వాగు మలుపులో పిల్లతో ఉన్న తల్లి ఎదురైంది. నా రైఫిల్ భుజానికి ఆనింది, సేఫ్టీ ముందుకెళ్లింది, పూస దాని రొమ్ము మీద నిలిచింది. పక్కన నా సహచరి స్ప్రే వదిలింది. ఎర్రటి మబ్బులోకి వచ్చిన తల్లి దగ్గుతూ పక్కకు తిరిగి పొదల్లో పడింది, పిల్ల వెనకాలే. అప్పటినుంచి మా ఇద్దరిలో ఒకరి చేతిలో స్ప్రే, ఒకరి చేతిలో తుపాకీ అన్నది నియమం. ఎదురుగాలి ఉన్నప్పుడు స్ప్రే మన మొహానికే కొడుతుంది, తుపాకీ అక్కరకొచ్చేది అక్కడ.

కాల్చాల్సి వస్తే తర్వాతి పని కూడా తెలిసుండాలి. ప్రాణరక్షణ కోసం చంపితే ఆ ఎలుగు మనది కాదు, రాష్ట్ర ప్రభుత్వానిది. గోళ్లతో సహా తోలు ఒలిచి, పుర్రెతో పాటు అప్పగించాలి, రాతపూర్వకంగా నివేదిక ఇవ్వాలి. తిండి, చెత్త బయట వదిలేసి ఎలుగును రప్పించుకున్నవాళ్లకు ఈ మినహాయింపు వర్తించదు.

మనవాళ్లకు మరొక మాట. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీదున్నవాళ్లు అమెరికాలో తుపాకీ దగ్గర ఉంచుకోవడం సాధారణంగా ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది, కానీ వకీలును అడక్కుండా దాన్ని నమ్ముకుని స్నేహితుడి తుపాకీ పట్టుకోవద్దు. గ్రీన్‌కార్డు వచ్చాక ఈ అడ్డు ఉండదు.

ఎవరు కట్టించుకోవాలి? ఎలుగులుండే చోట ఏటా నెలల తరబడి కాలినడకన పనిచేసేవాళ్లు. వారం రోజుల విహారానికి వచ్చేవాళ్లు రెండు స్ప్రే డబ్బాలు కొనుక్కుంటే చాలు. .30-06 ఇప్పటికే ఉన్నవాళ్లు ముందు దానికి 220 గ్రెయిన్ల తూటాలు, ఒక పీప్ సైట్ పెట్టి చూడండి, సగం ఖర్చు మిగులుతుంది. నా రైఫిల్‌కు ఈ చలికాలం ముందు పూస మార్పించాలి. తెల్ల ఎనామిల్ అంచున పెచ్చు లేచింది.