మోటారుతో లేచే బల్ల కొనవచ్చా?

కూర్చుని చేసే ఉద్యోగాల వారికి ఇటీవల విరివిగా అమ్ముతున్న వస్తువు, మీట నొక్కితే మోటారు సాయంతో పైకి లేచే బల్ల. దుకాణాల్లో దీనిని స్టాండింగ్ డెస్క్ అంటున్నారు. ఇంటి నుంచే బీమా క్లెయిముల కాగితాలు పరిశీలించే పని నాది కనుక రోజులో ఎనిమిది తొమ్మిది గంటలు కంప్యూటరు ముందే గడిచిపోతాయి. ఈ బల్ల మా ఇంటికి వచ్చి ఏడాది దాటింది. దానితో పాటు ఇచ్చిన కరపత్రంలో బరువు తగ్గుతుందని, చక్కెర అదుపులో ఉంటుందని, గుండెకు మేలని, నడుము నొప్పి పోతుందని నాలుగు వాగ్దానాలు అచ్చువేసి ఉన్నాయి. ఇంత ధర పెట్టేవారిలో చాలామంది కొనేది బల్లను కాదు, ఆ వాగ్దానాలను. అందువల్ల ముందు వాటి సంగతి చూసి, తరువాత బల్ల బాగోగులకు వస్తాను.

బరువు సంగతి తొందరగా తేలిపోతుంది. అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు అప్పటికి జరిగిన అనేక అధ్యయనాలను కలిపి లెక్కగట్టి 2018లో ప్రచురించిన దాని ప్రకారం, కూర్చోవడానికి బదులు నిలబడితే నిమిషానికి అదనంగా ఖర్చయ్యేది 0.15 కిలోక్యాలరీ మాత్రమే. 65 కిలోల మనిషి రోజుకు ఆరు గంటలు నిలబడినా 54 కిలోక్యాలరీలు, అంటే సుమారు ఒక ఇడ్లీ. అంతసేపు నిలబడినవారు ఆకలితో సాయంత్రం మరో రెండు ఇడ్లీలు తినరన్న హామీ కరపత్రంలో లేదు.

చక్కెర గురించి చెప్పినదానిలో నిజం ఉంది, అయితే ఆ నిజం బల్లకు చెందినది కాదు. భోజనం తరువాత రక్తంలోకి చేరే గ్లూకోజులో పెద్ద భాగాన్ని వాడుకోవలసినవి కండరాలు, వాటిలోనూ తొడలు, పిరుదులలోని పెద్ద కండరాలు. కండరం ముడుచుకుని సాగుతున్నప్పుడు ఇన్సులిన్ ప్రమేయం అంతగా లేకుండానే గ్లూకోజును లోపలికి తీసుకోగలుగుతుంది. గంటల తరబడి కుర్చీలో ఉన్నప్పుడు ఈ కండరాలకు పని లేకపోవడం వల్ల ఆ సౌకర్యం పోయి, భారమంతా ఇన్సులిన్ మీద పడుతుంది. ఆస్ట్రేలియాలో డేవిడ్ డన్‌స్టన్ బృందం 2012లో ప్రచురించిన ప్రయోగంలో, 20 నిమిషాలకొకసారి లేచి రెండు నిమిషాలు నెమ్మదిగా నడిచినప్పుడు, కదలకుండా కూర్చున్న రోజుతో పోలిస్తే గ్లూకోజు, ఇన్సులిన్ రెండూ తక్కువగా పెరిగాయి. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో కీత్ డియాజ్ బృందం 2023లో ప్రకటించిన ఫలితాల్లో, అరగంటకొకసారి ఐదు నిమిషాల నడక భోజనానంతరపు చక్కెర పెరుగుదలను దాదాపు 60 శాతం తగ్గించింది. అందులో పాల్గొన్నవారు 11 మందే కనుక ఆ అంకెను పట్టుకుని మురిసిపోనక్కరలేదు గానీ, ఫలితం ఎటు మొగ్గిందో స్పష్టంగానే ఉంది. రెండు చోట్లా పనిచేసింది నడక. ఊరికే నిలబడటాన్ని పరీక్షించిన ప్రయోగాల ఫలితాలు ఒకదానితో ఒకటి అంతగా పొసగలేదు. చక్కెర తగ్గినచోట కూడా ఆ తగ్గుదల నడకతో వచ్చినంత లేదు.

హైదరాబాదులో పనిచేసేవారు ఈ వాగ్దానానికి ఎందుకు లోబడతారో అర్థం చేసుకోవడం కష్టం కాదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో వెల్లడించిన వివరాల ప్రకారం, వారిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుంది, 71 శాతం మందికి స్థూలకాయం ఉంది. దీనికి కుర్చీ ఒక్కటే కారణమనడం న్యాయం కాదు; వేళ తప్పిన నిద్ర, అర్ధరాత్రి బిర్యానీ, పని ఒత్తిడి కూడా ఇందులో వాటాదారులే. అయితే వీటిలో డబ్బు పెట్టి మార్చుకోగలిగినట్టు కనిపించేది ఫర్నిచరు ఒక్కటే కాబట్టి, అమ్మేవారి చూపూ దాని మీదే పడింది.

గుండె విషయంలో వ్యాపారులు తరచుగా ఉదహరించేది లండన్ బస్సుల అధ్యయనం. జెర్రీ మారిస్ అనే వైద్యుడు 1953లో ప్రచురించిన ఈ పరిశోధనలో, రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే అదే బస్సుల్లో పనిచేసే కండక్టర్లకు గుండెజబ్బు తక్కువగా కనిపించింది. కరపత్రాల్లో ఇది "కూర్చున్నవారికి జబ్బు, నిలబడ్డవారికి ఆరోగ్యం" అన్నట్టుగా మారిపోతుంది. కానీ అవి రెండంతస్తుల బస్సులు. కండక్టరు ఒకచోట నిలబడి టికెట్లు కొట్టలేదు, రోజంతా మెట్లు ఎక్కి దిగాడు. అంతేగాక, చిన్న వయసు డ్రైవర్ల యూనిఫాం నడుము కొలతలు కూడా కండక్టర్ల కొలతల కంటే ఎక్కువగా ఉన్నట్టు 1956లో మారిస్ బృందమే బయటపెట్టింది, అంటే తేడాలో కొంత భాగం ఉద్యోగంలో చేరకముందు నుంచే ఉండి ఉండవచ్చు. తమ ఫలితాన్ని తామే ఇంతగా శంకించిన శాస్త్రవేత్తల నిజాయితీలో కొంతైనా కరపత్రం రాసినవారికి ఉంటే బాగుండేది.

నిలబడటాన్నే నేరుగా పరిశీలించిన పెద్ద అధ్యయనం 2024లో వచ్చింది. సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు బ్రిటన్‌లోని 83 వేల మందికి పైగా పెద్దలు చేతికి ధరించిన పరికరాల నమోదులను విశ్లేషించి, ఎక్కువసేపు నిలబడటం వల్ల గుండెజబ్బు, పక్షవాతం ముప్పు తగ్గడం లేదని తేల్చారు. పైగా రోజుకు రెండు గంటలు దాటి నిలబడే ప్రతి అరగంటకూ, కాళ్ల సిరలు ఉబ్బడం, లోపలి సిరల్లో రక్తం గడ్డకట్టడం వంటి రక్తప్రసరణ సమస్యల ముప్పు 11 శాతం చొప్పున పెరిగింది. దుకాణాల్లో నిలబడి పనిచేసే ఆడవాళ్లకు ఈ సంగతి ఏ అధ్యయనమూ చెప్పనక్కరలేదు. కేరళలో బట్టల దుకాణాల ఉద్యోగినులు కూర్చునే హక్కు కోసం ఏళ్ల తరబడి పోరాడితే, 2018లో ఆ రాష్ట్రం చట్టం సవరించి అమ్మకందారులకు ఆసనం ఇవ్వడం తప్పనిసరి చేసింది. 2021లో తమిళనాడు అదే దారి పట్టింది. ఒకచోట కూర్చోవడం చట్టబద్ధమైన హక్కు కాగా, మరొకచోట నిలబడటం వేల రూపాయల విలాసంగా అమ్ముడుపోతోంది.

కూర్చుంటే కాళ్లకు ఏమవుతుందో కూడా ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే నిలబడినా అదే సమస్య మరో రూపంలో వస్తుంది. గుండె నుంచి కిందికి వచ్చిన రక్తాన్ని తిరిగి పైకి నెట్టేది ప్రధానంగా పిక్కల కండరాలే. కుర్చీలో మోకాలి వద్ద, తుంటి వద్ద రక్తనాళాలు వంగి ఉంటాయి, పిక్కలు కదలవు, రక్తం కింద నిలుస్తుంది. సాయంత్రానికి మేజోళ్ల అంచు చర్మం మీద అచ్చు పడటానికి కారణం ఇదే. మిస్సోరి విశ్వవిద్యాలయంలో 2015లో ప్రచురితమైన ఒక చిన్న ప్రయోగంలో, ఆరు గంటలు కూర్చున్న ఆరోగ్యవంతులైన యువకుల మోకాలి వెనుక ధమని విప్పారే శక్తి బాగా తగ్గింది, తరువాత పది నిమిషాలు నడిస్తే మళ్లీ మామూలు స్థితికి వచ్చింది. బల్ల ముందు కదలకుండా నిలబడినవారి పిక్కలు కూడా పంపులా పనిచేయవు. నిలబడినప్పుడు మనకు తెలియకుండానే బరువును ఒక కాలి మీది నుంచి మరో కాలి మీదికి మార్చుకుంటాం కనుక కొంత నయం, అంతే.

నాలుగో వాగ్దానం నడుము నొప్పి గురించినది. బల్ల కొంతవరకు నిలబెట్టుకున్న మాట ఇదొక్కటే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్క్‌లకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. వాటిమీది ఒత్తిడి మారుతూ ఉంటేనే పోషకాలు లోపలికి, వ్యర్థాలు బయటికి సాఫీగా కదులుతాయి. ముందుకు వంగి, వీపుకు ఆనుడు లేకుండా గంటల తరబడి ఒకే భంగిమలో ఉండటం వాటికి గిట్టదు. నా అనుభవంలో మధ్యాహ్నం మూడు తరువాత భుజాల మధ్య మొదలయ్యే నొప్పి, నడుము బిగుసుకుపోవడం బాగా తగ్గాయి. దీనిలో ఎంత భాగం నిలబడటం వల్లనో, ఎంత భాగం బల్ల ఎత్తు నా మోచేతులకు సరిగ్గా కుదరడం వల్లనో విడదీయడం కష్టం. నా మట్టుకు ఎత్తు కుదరడానికే ఎక్కువ మార్కులు వేస్తాను, ఎందుకంటే కూర్చుని ఉన్న వేళల్లో కూడా నొప్పి తగ్గింది.

ఇక బల్ల విషయం. మనవారు కొనేటప్పుడు పరీక్షించవలసింది అది ఎంత పైకి లేస్తుందన్నది కాదు, ఎంత కిందికి దిగుతుందన్నది. మామూలు రాతబల్ల ఎత్తు 75 సెంటీమీటర్లు. మోటారు బల్లల్లో కాళ్లు రెండు గొట్టాలుగా ఒకదానిలో ఒకటి దూరే రకం చౌక. అది సాధారణంగా 70 సెంటీమీటర్ల కంటే కిందికి దిగదు, దానిపైన పలక మందం అదనం. మూడు గొట్టాల రకం 60 సెంటీమీటర్ల దగ్గరి వరకు దిగుతుంది. 170 సెంటీమీటర్ల పొడవున్న నాకు పాదాలు నేలకు ఆనించి కూర్చుంటే కీబోర్డు 66 దగ్గర హాయిగా ఉంటుంది. ఇదే బల్ల మీద ఆన్‌లైన్‌లో పిల్లలకు లెక్కలు చెప్పే నా భార్యకు 62 కావాలి. నిలబడినప్పుడు నాకు 107, ఆమెకు 98 చాలు. కంపెనీలు గొప్పగా చెప్పుకునే 120 సెంటీమీటర్ల ఎత్తు మా ఇద్దరికీ అక్కరకు రాదు. చౌక రకం తీసుకుని కుర్చీని పైకి లేపి కూర్చుంటే పాదాలు గాలిలో వేలాడతాయి, తొడ కింద కుర్చీ అంచు ఒత్తుతుంది, కాళ్లలో రక్తప్రసరణ గురించి పైన చెప్పిందంతా మరింత పాడవుతుంది. మూడు గొట్టాల కాళ్లు, రెండు మోటార్లు, 120 సెంటీమీటర్ల పొడవు పలకతో కలిపి మాకు 31 వేల రూపాయలయ్యింది.

మోటారు చప్పుడు పక్కగదిలోకి వినిపించదు. నాలుగు ఎత్తులను గుర్తుపెట్టుకునే మీటలు ఉన్నాయి; ఇద్దరు వాడే ఇంట్లో ఇవి లేకుంటే వారం తిరగకముందే బల్ల ఎత్తు మార్చడం మానేస్తారు. పై ఎత్తులో గట్టిగా టైపు చేస్తే మానిటర్ కొద్దిగా ఊగుతుంది, రాతపనికి ఇబ్బంది లేదు. దిగేటప్పుడు అడ్డు తగిలితే ఆగి వెనక్కి మళ్లే ఏర్పాటు ఉందన్నారు గానీ, కుర్చీ చేతిని బాగా నొక్కిన తరువాతే అది ఆగింది. చిన్నపిల్లలున్న ఇంట్లో మీటలకు తాళం వేసుకోవాలి. కరెంటు పోతే బల్ల ఉన్నచోటే నిలిచిపోతుంది. నిలబడి పనిచేస్తుండగా పోయిందంటే, వచ్చేదాకా నిలబడవలసిందే లేదా ల్యాప్‌టాప్ పట్టుకుని మంచం మీదికి పోవలసిందే, అందుచేత ఇన్వర్టరు లైను ఉన్న ప్లగ్ దగ్గర దీనిని పెట్టడం మంచిది. ఒకసారి కరెంటు వచ్చిన తరువాత తెరమీద తప్పు సంకేతం చూపి కదల్లేదు. కిందికి దించే మీటను బల్ల అడుగుకు చేరేదాకా నొక్కి ఉంచితే సర్దుకుంటుందని చెప్పడానికి సేవా విభాగం వారు రెండు రోజులు తీసుకున్నారు.

కరపత్రం ప్రస్తావించని అదనపు ఖర్చులు రెండు ఉన్నాయి. మన ఇళ్లలో చెప్పులు లేకుండా తిరుగుతాం, నేల గ్రానైటో టైల్సో అవుతుంది. దానిమీద ఉత్త కాళ్లతో అరగంట నిలబడితే మడమలు మండుతాయి, కనుక మందపాటి రబ్బరు చాప తప్పదు. ల్యాప్‌టాప్‌తో పనిచేసేవారికి విడి కీబోర్డు, తెరను కంటి ఎత్తుకు లేపే స్టాండు కూడా కావాలి. అవి లేకుంటే చేతులకు సరిపడే ఎత్తులో మెడ వంగుతుంది, మెడకు సరిపడే ఎత్తులో భుజాలు పైకి లేస్తాయి.

ఇలాంటి బల్లలను కొన్నవారు వాడతారా అన్న ప్రశ్నకు వైద్య పరిశోధనలను జల్లెడపట్టి సమీక్షించే అంతర్జాతీయ సంస్థ కోక్రేన్ 2018లో వెలువరించిన సమీక్షలో జవాబు కొంత ఉంది. బల్ల వచ్చిన తొలి నెలల్లో ఉద్యోగులు కూర్చునే సమయం రోజుకు సుమారు గంటన్నర తగ్గిందని, అయితే ఆధారాల నాణ్యత తక్కువని ఆ సమీక్షకులు రాశారు. మా ఇంట్లో స్థిరపడిన అలవాటు ఇది: ఉదయం ఈమెయిళ్లు, ఫోన్లు నిలబడి, అంకెల పని కూర్చుని, ఒక్కో విడతకు అరగంటకు మించకుండా. ఎత్తు మార్చడానికి లేచినప్పుడల్లా వంటగది దాకా వెళ్లి నీళ్లు తాగి వస్తాను. శరీరానికి జరిగే మేలులో ఎక్కువ భాగం ఆ వెళ్లిరావడంలోనే ఉందని పై ప్రయోగాలు చెబుతున్నాయి. పది లక్షల మందికి పైగా వివరాలను కలిపి 2016లో ఉల్ఫ్ ఎకెలుండ్ బృందం చేసిన విశ్లేషణ ప్రకారం, రోజుకు ఎనిమిది గంటలకు పైగా కూర్చునేవారిలో కనిపించే అదనపు మరణ ముప్పు, రోజూ 60 నుంచి 75 నిమిషాలు మోస్తరు వేగంతో వ్యాయామం చేసేవారిలో దాదాపు కనిపించలేదు. అంత నడకకు తీరిక ఉన్నవారు గుండె కోసం, చక్కెర కోసం ఈ బల్ల కొననక్కరలేదు.

మెడ, నడుము నొప్పులతో బాధపడేవారికి, ఒకే బల్లను వేర్వేరు ఎత్తుల మనుషులు పంచుకునే ఇళ్లకు, మామూలు బల్ల ఎత్తు ఎన్నడూ కుదరని పొట్టివారికి మాత్రం మూడు గొట్టాల రకాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. కొనేముందు పాదాలు నేలకు ఆనేలా కూర్చుని, మోచేయి లంబంగా వంచి, నేల నుంచి మోచేతి దాకా టేపుతో కొలిపించుకోండి. దుకాణంలో బల్లను పూర్తిగా కిందికి దింపించి పలక మందంతో సహా కొలవండి. మోటారుకు, మీటల పెట్టెకు హామీ ఎన్నేళ్లో బిల్లు మీద రాయించుకోండి. మా బిల్లులో కాళ్లకు ఐదేళ్లు రాసి, మీటల పెట్టెకు ఏడాదే రాశారు.