వైజాగ్‌లో రెండ్రోజులు, నీడ వెతుక్కుంటూ

మా నాన్నకి మోకాళ్ళ నొప్పులు, పైగా ఎండ అస్సలు పడదు, అందుకే ఈసారి విశాఖలో బీచ్ రోడ్డు వదిలేసి చెట్లున్న చోటల్లా తిరిగాం.

ముందు గది సంగతి. "గార్డెన్ వ్యూ" అని రెండొందలు ఎక్కువ తీసుకున్నారు, తీరా కిటికీ తీస్తే కింది డాబా మీద ప్లాస్టిక్ గడ్డి! మధ్యాహ్నానికి అట్ల పెనంలా కాలిపోయింది, రాత్రి ఎనిమిదైనా కిటికీలోంచి వేడి గాలే. ఇడ్లీ మాత్రం బాగుంది.

కంబాలకొండకి పొద్దున్నే వెళ్ళండి. నగరాన్ని ఆనుకునే 70 చదరపు కిలోమీటర్ల దాకా అడవి. గేటు దాటి పది నిమిషాలు నడిచామో లేదో, నాన్న తల మీద తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. ఊడ్చేవాళ్ళు లేరు కాబట్టి రాలిన ఆకు అక్కడే మగ్గి మట్టవుతుంది, వాన నీళ్ళు అందులోకే ఇంకుతాయి. హైవేకి అవతల జూ. మనకైతే రోడ్డు దాటడం ఒక్క నిమిషం, అడవి జంతువుల సంగతే ఆలోచించాలి.

నాకు బాగా నచ్చింది పెదవాల్తేరులో రాణీ చంద్రమణీదేవి ఆసుపత్రి ఆవరణలోని బయోడైవర్సిటీ పార్కు. మూడెకరాలే. ఈశ్వరి తీగ ఆకు తిప్పి చూస్తే ముదురు రంగు గొంగళిపురుగు, ఒంటి నిండా ఎర్రటి బుడిపెలు, నడుమున తెల్లటి పట్టీ. ఎర్ర పొట్ట సీతాకోకచిలుక ఉంటుందే, దాని పిల్ల, ఈ తీగ జాతి ఆకులే తింటుంది. "మన పెరట్లో అయితే మీ అమ్మ ఈపాటికి మందు కొట్టేసేది" అన్నారు నాన్న. నిజమే, అందుకే మా పెరట్లో ఒక్కటీ వాలదు. పక్కనే పేషెంట్ల తాలూకు వాళ్ళు టిఫిన్ క్యారియర్ విప్పుకుని కూర్చున్నారు, ఆ వార్డు బయట అంత చల్లగా కూర్చునే చోటు ఉండటమే నాకు పెద్ద విషయంలా అనిపించింది.

సాయంత్రం ఇంకో పెద్ద పార్కు, పేరెందుకులెండి. ఫౌంటెన్, లైట్లు, సెల్ఫీలు అన్నీ ఉన్నాయి, బెంచీలన్నీ ఎండలో. మొదళ్ళ దాకా టైల్స్ పరిచేశారు, ఇక వేరుకి నీరెలా అందుతుంది, పట్టెక్కడిది? 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊళ్ళో చెట్లని ఎలా కూల్చిందో చూసినవాళ్ళే ఇలా పరిచారా అనిపించింది.

చివరికి నాన్న గేటు బయట కానుగ చెట్టు కింద కూలబడ్డారు. చెప్పులు కుట్టే ఆయన, చెరుకు రసం బండి, నాలుగు ఆటోలు, అందరూ ఆ ఒక్క చెట్టు కిందే. "హుద్‌హుద్‌కి కొమ్మలే పోయాయి బాబూ, మళ్ళీ చిగురేసింది" అన్నాడు ఆటో అతను. గదికి వంద అడిగి ఎనభైకి వచ్చాడు.