ఆన్‌లైన్‌లో ఇక్కత్ కట్ పీసులు కొంటున్నారా? జాగ్రత్త

బొంతలు కుట్టే అక్కలూ చెల్లెళ్లూ, "ప్యూర్ కాటన్ పోచంపల్లి ఇక్కత్ కట్ పీసులు, కిలో లెక్కన" అని ఎక్కడైనా కనిపిస్తే డబ్బులు కొట్టే ముందు ఇది చదవండి. నేను 2 కిలోలకు 1,300 ఫోన్‌పే చేసి మోసపోయాను.

మా అక్క మనవరాలికి చిన్న బొంత కుడదామని 5 అంగుళాల ముక్కలు 80 కోశాను. అడ్డం 8, నిలువు 10, కుట్టుకు ప్రతి ముక్కకూ నాలుగు వైపులా పావు అంగుళం పోతే 36 అంగుళాల వెడల్పు, 45 పొడవు వస్తుంది. అడుగు గుడ్డకు అమ్మ కట్టిన నారాయణపేట కాటన్ చీర తీశాను, మీగడ రంగుది, ఉతికీ ఉతికీ దూదిలా అయిపోయింది. అమ్మ పోయి నాలుగేళ్లయినా ఆ చీరకు కత్తెర పెట్టడానికి ఇన్నాళ్లూ మనసు రాలేదు. పదిహేను రాత్రులు కూర్చుని కుట్టి, పాపకు కప్పే ముందు ఒకసారి జాడిద్దామని నీళ్లలో వేస్తే బకెట్ మొత్తం ఎర్రగా అయింది. అమ్మ చీర మీద అరచేతి వెడల్పున మరకలు, ఎన్నిసార్లు ఉతికినా పోలేదు.

మిగిలిన ముక్కలు అప్పుడు తిరగేసి చూశాను. వెనక వైపు తెల్లగా ఉంది, అంటే ఉత్త ప్రింటు. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగు అద్ది తర్వాత నేస్తారు కాబట్టి డిజైన్ రెండు వైపులా ఒకేలా ఉంటుంది, అంచులు కొంచెం చెదిరినట్టు కనిపిస్తాయి. 2016 దాకా మన నల్లగొండ జిల్లాలోనే ఉన్న ఊరి పేరు పెట్టి మనకే ప్రింటు అంటగట్టారంటే కడుపు మండిపోతోంది. కాటన్ కూడా కాదు కొన్ని: ఒక పోగు లాగి అగ్గిపుల్లతో అంటిస్తే కరిగి నల్లటి గట్టి పూసలా అయింది, ప్లాస్టిక్ వాసన. కాటన్ అయితే కాగితం కాలినట్టు కాలి మెత్తటి బూడిద అవుతుంది.

అడిగితే "కట్ పీసులకు రిటర్న్ లేదు" అని ఒక్క మెసేజ్ పెట్టి నన్ను బ్లాక్ చేశారు. స్క్రీన్‌షాట్లన్నీ దాచి వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను.

మీరు మాత్రం బట్ట వెనక వైపు వీడియో పంపమని అడగండి, పంపకపోతే వదిలేయండి. ఎక్కడ కొన్నా, కోసే ముందు ప్రతి రంగు ముక్కనూ తడిపి తెల్లగుడ్డ మీద గట్టిగా రుద్ది చూడండి, నేను చేయనిది అదే. వాళ్లు ఇప్పుడు పేరు మార్చి మళ్లీ అమ్ముతున్నారు, ఫొటోలు మాత్రం అవే: చాప మీద ఎర్రవి, నీలివి మడతలు, పక్కన ఇత్తడి చెంబు.