కార్బన్ డయాక్సైడ్ పైప్‌లైన్‌లో లేజర్ తేమ ఎనలైజర్: పరికరానికి 4.5, దాని ముందున్న ప్యానెల్‌కు 2

పొడిగా ఉన్నంతకాలం కార్బన్ డయాక్సైడ్ మామూలు కార్బన్ స్టీల్‌ను ఏమీ చేయదు. నీరు విడిపడి చుక్క కట్టిందంటే మాత్రం ఆ చుక్క పీహెచ్ 3 చుట్టుపక్కలకు దిగి, పైపు గోడను ఏడాదికి మిల్లీమీటర్ల లెక్కన తినేస్తుంది. అందుకే ఈ లైన్ల మీద మొదట అడిగే పరికరం తేమ ఎనలైజర్. ఇప్పుడు ఎక్కువగా కొంటున్నది డయోడ్ లేజర్ రకం. 5కు 4.5 ఇవ్వదగిన పరికరమే. దానితో కలిపి అంటగట్టే శాంపిల్ ప్యానెల్‌కు (లైన్ నుంచి గ్యాస్‌ను తీసి, పీడనం దించి ఎనలైజర్‌కు అందించే అమరిక) 2 కూడా కష్టం. అది చాలాసార్లు సహజవాయువు కోసం గీసిన డిజైనే.

ముందు పరికరం సంగతి. నీటి అణువు పీల్చుకునే తరంగదైర్ఘ్యం దగ్గర వెలుగు ఎంత తగ్గిందో చూసి తేమను పీపీఎంలో (మిలియన్ భాగాల్లో ఎన్ని భాగాలు నీరో) చెబుతుంది. గ్యాస్‌ను తాకే సెన్సర్ లేదు, సెల్‌లోకి (వెలుగు గ్యాస్‌గుండా పోయే గది) శాంపిల్ చేరితే సెకన్లలో రీడింగ్ వస్తుంది. పాత అల్యూమినియం ఆక్సైడ్ ప్రోబ్ చవకే. కానీ డీహైడ్రేటర్ (గ్యాస్‌ను ఆరబెట్టే యూనిట్) నుంచి కొట్టుకొచ్చే గ్లైకాల్ ద్రవం దాని మీద పొర కట్టినా, ఆమ్లం సోకినా రీడింగ్ మెల్లగా జారుతుంది. జారినట్టు తెరమీద ఏ సూచనా ఉండదు. క్వార్ట్జ్ స్ఫటికం రకం కచ్చితమైనదే, లోపలి తేమ జనరేటర్‌తో తనను తాను సరిచూసుకుంటుంది కూడా. అయితే డ్రయర్ కార్ట్రిడ్జ్‌లు మారుస్తూ ఉండాలి, మురికి గ్యాస్ దానికి పడదు. లేజర్ రకంలో గ్లైకాల్, కంప్రెసర్ ఆయిల్ పడి అద్దం మసకబారితే వెలుగు బలం తగ్గినట్టు అలారం వస్తుంది. తన జబ్బు తానే చెప్పుకోవడం కొలిచే పరికరానికి పెద్ద గుణం.

అసలు తంటా ట్యాప్ (లైన్ నుంచి శాంపిల్ తీసే చోటు) నుంచి సెల్ దాకా ఉన్న గొట్టంలో ఉంది. లైన్‌లో 100 బార్, 25 డిగ్రీల దగ్గర కార్బన్ డయాక్సైడ్ ఘనపు మీటరుకు సుమారు 820 కిలోల బరువుండే ద్రవం. పావు అంగుళం ట్యూబు, లోపలి వ్యాసం 4.6 మి.మీ., పొడవు 30 మీటర్లు అనుకోండి. అందులో అర లీటరు పడుతుంది, అంటే 0.4 కిలో. ఎనలైజర్ నిమిషానికి 2 లీటర్ల గ్యాస్ తీసుకుంటే ఆ ద్రవమంతా గ్యాస్‌గా మారి ఖాళీ కావడానికి గంటా నలభై ఏడు నిమిషాలు! లైన్‌లో వేగం సెకనుకు 1.5 మీటర్లయితే, ఆలోగా తడి కార్బన్ డయాక్సైడ్ తొమ్మిదిన్నర కిలోమీటర్లు దాటిపోతుంది. అదే ట్యాప్ దగ్గరే వేడి చేసి 1.5 బార్‌కు దించి పంపితే 30 మీటర్లూ దాటడానికి పాతిక సెకన్లు చాలు. కాబట్టి వేడి చేసి పీడనం దించే వేపరైజర్ రెగ్యులేటర్ ట్యాప్ పక్కనే ఉండాలి. దాన్ని షెల్టర్ (ఎనలైజర్ ఉండే గది) లోపల పెట్టిన డ్రాయింగును వెనక్కి పంపేయండి.

వేడి లేకుండా పీడనం దించితే ఏమవుతుందో కూడా చెప్పాలి. 5.2 బార్ కిందికి వస్తే కార్బన్ డయాక్సైడ్‌కు ద్రవరూపమే ఉండదు. కొంత గ్యాస్ అవుతుంది, మిగిలింది డ్రై ఐస్‌గా రెగ్యులేటర్ గొంతులో కూర్చుంటుంది. ఫ్లో ఆగుతుంది, కాసేపటికి ముద్ద ఆవిరై ఒక్కసారిగా దూకుతుంది, తెరమీద పళ్ల రంపంలాంటి గీత కనిపిస్తుంది. 2 లీటర్ల ఫ్లోకు సిద్ధాంతరీత్యా 20 వాట్ల లోపు వేడి చాలు. బైపాస్ ఫ్లో (గొట్టం త్వరగా ఖాళీ కావడానికి ఎనలైజర్‌కు పోకుండా పక్కకు వదిలే గ్యాస్) కలిస్తే ఆ మేరకు పెంచాలి, చలికాలానికి ఇంకొంత అదనం చూసుకోవాలి. ట్యూబు ఎలక్ట్రోపాలిష్ చేసిన 316ఎల్ స్టీల్, 50–60 డిగ్రీల హీట్ ట్రేసింగ్‌తో (ట్యూబు వెంట వేసే వేడి తీగ) ఉండాలి. టెఫ్లాన్ ట్యూబు వద్దు, బయటి గాలిలోని తేమ దాని గోడగుండా లోపలికి ఇంకుతుంది. రబ్బరు ఓ-రింగులు అధిక పీడనంలో గ్యాస్‌ను పీల్చుకుని, పీడనం ఒక్కసారిగా దిగగానే పొక్కి చీలుతాయి. ఫిట్టింగ్ ఒకసారి విప్పారంటే గోడలకు పట్టిన తేమ వదలడానికి గంటలు పడుతుంది. ఆ రీడింగ్ చూసి డీహైడ్రేటర్‌ను తిట్టకండి.

కాలిబ్రేషన్ పత్రంలో బ్యాక్‌గ్రౌండ్ గ్యాస్ ఏమిటో తప్పక చూడండి. నైట్రోజన్‌లోనో మీథేన్‌లోనో చేసిన కాలిబ్రేషన్ ఇక్కడ పనికిరాదు. చుట్టూ ఉన్న గ్యాస్ మారితే శోషణ గీత వెడల్పు మారుతుంది, పైగా కార్బన్ డయాక్సైడ్ తానూ కొంత వెలుగు మింగుతుంది. సెల్ వెంట్‌ను (గ్యాస్ బయటికి పోయే గొట్టం) పీడనం ఊగే హెడర్‌కు (చాలా వెంట్‌లు కలిసే ఉమ్మడి గొట్టం) కలిపినా అదే తిప్పలు. యూనిట్ల దగ్గర మరో ఉచ్చు: మోల్ లెక్కన 50 పీపీఎం, బరువు లెక్కన 20 మాత్రమే.

రేంజ్ ఎంపిక కాంట్రాక్టును బట్టి. చమురు బావుల్లోకి పంపే పాత అమెరికా లైన్లలో హద్దు మిలియన్ ఘనపు అడుగులకు 30 పౌండ్లు, అంటే 630 పీపీఎం దాకా. కార్బన్ డయాక్సైడ్‌ను సముద్రం అడుగున నిల్వచేసే నార్వే ప్రాజెక్టు నార్తర్న్ లైట్స్ హద్దు 30 పీపీఎం. 25 డిగ్రీల్లో చిక్కటి కార్బన్ డయాక్సైడ్ 2,000 పీపీఎంకు పైగా నీటిని కరిగించుకోగలదు కదా, ఇంత పట్టుదల దేనికి? లైన్ పీడనం దించేటప్పుడు చల్లబడి ఆ శక్తి పడిపోతుంది, అది ఒకటి. నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్, ఆక్సిజన్ కలిసి ఉంటే 100 పీపీఎం లోపు తేమలోనూ నైట్రిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలు, గంధకపు పొడి పుడతాయి, అది రెండోది.

ఈ రెండోది లేజర్ తేమ ఎనలైజర్‌కు కనిపించదు. 4.5 దగ్గర ఆగడానికి కారణం అదే. రెండు ఫ్యాక్టరీల గ్యాస్ విడివిడిగా హద్దుల్లోనే ఉన్నా, ఒకదాని హైడ్రోజన్ సల్ఫైడ్, రెండోదాని నైట్రోజన్ డయాక్సైడ్ కలిశాక రసాయనం మొదలవుతుంది. కలిసేచోటికి ముందే ప్రతి శాఖ మీదా సల్ఫర్, నైట్రోజన్ ఆక్సైడ్లకు అల్ట్రావయొలెట్ ఎనలైజర్, ఆక్సిజన్‌కు ఆప్టికల్ సెన్సర్ పెట్టండి. క్షార ఎలక్ట్రోలైట్ ఉన్న ఆక్సిజన్ సెల్ కొనవద్దు, కార్బన్ డయాక్సైడ్ ఆ క్షారాన్నే తినేస్తుంది.

వెంట్‌ను షెల్టర్ బయటికి, మనుషులు తిరగని ఎత్తుకు తీసుకెళ్లండి. ఈ గ్యాస్ గాలికంటే ఒకటిన్నర రెట్లు బరువు, నేలబారున చేరుతుంది. 40,000 పీపీఎం దగ్గరే ప్రాణాపాయం, కాబట్టి షెల్టర్ లోపలి డిటెక్టర్‌ను మోకాలి ఎత్తులో బిగించి, అలారాన్ని 5,000 దగ్గర పెట్టండి.