పెట్టె మీద జీపీఎస్, లోపల అడుగుల లెక్క: రన్నింగ్ వాచ్ కొనేముందు చూసుకోండి

రన్నింగ్ కోసం వాచ్ కొనబోతున్నారా? అయితే ముందు నా కథ వినండి. 3,299 రూపాయలు పోయాయి. అంతకంటే ఎక్కువ బాధ ఏమిటంటే, మూడు నెలల ప్రాక్టీసంతా తప్పుడు లెక్క మీద నడిచింది.

ఆన్‌లైన్ సేల్‌లో కొన్నాను. పెట్టె మీద పెద్ద అక్షరాలతో ‘జీపీఎస్ స్పోర్ట్స్ వాచ్’ అని ఉంది. ఫోన్ ఇంట్లో పడేసి, తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద హాయిగా పరిగెత్తొచ్చనుకున్నాను. వాచ్ చూపించే పేస్ రోజూ కిలోమీటరుకు 6 నిమిషాలు. అంటే 10 కిలోమీటర్లు గంటలో! నలభై దాటాక ఇంత జోరేమిటని మా ఆవిడకు రోజూ చూపించి విసిగించేవాణ్ణి.

ఆ ధైర్యంతోనే సిటీలో ఒక 10కే రన్‌కి పేరిచ్చాను. వాచ్ ‘10 కిలోమీటర్లు’ అని బుర్రుమంది. తలెత్తి చూస్తే పక్కన 9 కిలోమీటర్ల బోర్డు. అయిపోయిందనుకుని అప్పటికే ఉన్న ఊపిరంతా ఖర్చు పెట్టేశాను. మిగిలిన కిలోమీటరు కాళ్లీడ్చుకుంటూ వెళ్తే మొత్తం 69 నిమిషాలు పట్టింది.

మొదట బోర్డే తప్పనుకున్నాను, సిగ్గుపడుతూ చెబుతున్నా. అనుమానం తీరక 400 మీటర్ల ట్రాక్ మీద లోపలి లేన్‌లో పన్నెండున్నర రౌండ్లు కొట్టాను. అది కచ్చితంగా 5 కిలోమీటర్లు. వాచ్ 5.6 చూపించింది. ఇంటికొచ్చి వర్కౌట్ ఆన్ చేసి, సోఫా దిగకుండా ఐదు నిమిషాలు చెయ్యి ఊపితే 300 మీటర్లు పరిగెత్తేశానంది!

మాన్యువల్‌లో చీమ తలకాయంత అక్షరాల్లో అసలు సంగతి ఉంది: ‘కనెక్టెడ్ జీపీఎస్’. అంటే వాచ్‌లో జీపీఎస్ చిప్ లేదు, పక్కనున్న ఫోన్ జీపీఎస్‌ని బ్లూటూత్‌తో వాడుకుంటుంది. ఫోన్ లేకపోతే చెయ్యి ఊపును బట్టి అడుగులు లెక్కపెట్టి, మనమిచ్చిన ఎత్తును బట్టి అడుగు పొడవు ఊహించి, రెండూ గుణించేస్తుంది. అలిసిపోయి అడుగు చిన్నదైనా దానికి తెలియదు. కస్టమర్ కేర్‌కి చేస్తే ‘మాన్యువల్‌లో రాశాం కద సార్’ అన్నారు. వాపసు గడువు 7 రోజులే, అదెప్పుడో దాటిపోయింది.

కాబట్టి కొనేముందు వివరాల్లో ‘బిల్ట్-ఇన్ జీపీఎస్’ అన్న మాట ఉందో లేదో వెతకండి. ఉత్త ‘జీపీఎస్’ అని ఉంటే నమ్మకండి. వాచ్ చేతికొచ్చిన మర్నాడే, వాపసు గడువులోపే, ఫోన్ ఇంట్లో వదిలి ఒక రన్ చేయండి. తర్వాత యాప్‌లో మ్యాప్ మీద మీరు వెళ్లిన దారి గీతలా రావాలి. దూరం మాత్రమే కనిపించి గీత లేకపోతే వెంటనే తిప్పి పంపేయండి.

అలాగని నిజమైన జీపీఎస్ వాచ్ కొద్దిగా తేడా చూపిస్తే కంగారు పడొద్దు. హాఫ్ మారథాన్‌లో 21.1కి బదులు 21.3 రావడం మామూలే. పోటీ మార్గాన్ని అతి దగ్గరి దారి పట్టుకుని కొలుస్తారు, మనమేమో మలుపుల్లో బయటికి, నీళ్ల కోసం పక్కకి వెళ్తుంటాం. ఫ్లైఓవర్ల కింద, మెట్రో స్తంభాల పక్కన గీత గెంతుతుంది కూడా. అక్కడ జీపీఎస్ ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు సిగ్నళ్లూ అందుకునే డ్యూయల్ బ్యాండ్ వాచ్ కాస్త నయం, కానీ ధర ఎక్కువ. పార్కులో, చెరువు గట్టున పరిగెత్తేవాళ్లకి అంత అవసరం లేదు.

నేనైతే ఇప్పుడు నడుం బెల్టులో ఫోన్ పెట్టుకుని ఉచిత యాప్‌తోనే నెట్టుకొస్తున్నాను. ఆ యాప్‌కి బ్యాటరీ సేవర్ ఆపెయ్యాలి, లేకపోతే మధ్యలో గీత తెగిపోతుంది. అసలు పేస్ 6 నిమిషాల 43 సెకన్లని తేలింది. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు. పెట్టె ఫొటోలు, బిల్లు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను. వాళ్ల జవాబు కోసం చూస్తున్నాను.