ప్రజాస్వామ్యానికి ప్రమాద సంకేతాలు: ఈ ఆన్‌లైన్ కోర్సు తప్పక వినండి

నేను సివిక్స్ టీచర్‌ని. నియంతృత్వం అనగానే మా పిల్లలకు వీధుల్లో ట్యాంకులే గుర్తొస్తాయి. అన్నీ చట్టప్రకారమే జరుగుతున్నట్టు కనిపిస్తూనే వ్యవస్థ ఎలా చేజారిపోతుందో ఈ కోర్సు విడమరిచి చెబుతుంది.

హంగేరీ పాఠం ప్రాణం పెట్టి తయారుచేశారు. 2010 ఎన్నికల్లో గెలిచి అధికారంలోకి వచ్చిన పక్షానికి పార్లమెంటులో మూడింట రెండొంతుల మెజారిటీ వచ్చింది, 2011లో కొత్త రాజ్యాంగం వచ్చింది. జడ్జీల రిటైర్మెంట్ వయసు 70 నుంచి 62కు తగ్గించారు. పైకి చూస్తే మామూలు సర్వీస్ రూల్! దాంతో సీనియర్లు ఒక్కసారిగా ఇంటిదారి పట్టాల్సి వచ్చింది. 2012లో యూరోపియన్ యూనియన్ కోర్టు తప్పుబట్టింది కానీ, అప్పటికే జరగాల్సిన నష్టం చాలావరకు జరిగిపోయింది. 2004లో వెనిజులా సుప్రీంకోర్టులో, పాలకులు తమవాళ్లను నింపుకునే వీలు కలిగేలా, జడ్జీల సంఖ్యను 20 నుంచి 32కు పెంచిన వైనం కూడా ఉంది. అది వింటుంటే నిజంగా టెన్షన్ వచ్చింది.

పత్రికల గురించిన పాఠం మాత్రం తేలిపోయింది. 1975 ఎమర్జెన్సీలో భారత్‌లో విధించిన సెన్సార్‌షిప్ ఊసే లేదు. ఇది పెద్ద లోటు, నాకు బాధ కలిగింది. క్విజ్‌లు వదిలేసినా పర్వాలేదు. కోర్టుల పాఠాలు మాత్రం ఇంట్లో ఓటు హక్కు వచ్చిన పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని వినండి.